దూడను దాచినట్టు

మా కొట్టంలో ముప్పై బర్రెలుండేవి.

ఇంతవరకు రాసి గొంతెత్తి చదివాను. లోపలి గదిలోంచి నా భార్య సత్తెమ్మ గొంతు వచ్చింది. "ఏడు."

"ఏడేంది? పదకొండు."

"నాలుగు మీ అన్నవి."

సరే, ఏడు. నేను ఇలాంటివాణ్నే. వయసులో ఉన్నప్పుడు పాలలో నీళ్ళు కలిపినవాణ్ని, ముసలితనంలో మాటల్లో కలపకుండా ఎలా ఉంటాను? అందుకే ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. నేను రాసిందల్లా ఆమెకు చదివి వినిపించాలి. ఆమెకు చదువు రాదు కాని నా అబద్ధం చప్పుడు బాగా తెలుసు. ఆమె కొట్టేయమన్నది కొట్టేయాలి, లేదా ఇక్కడే ఒప్పుకోవాలి.

ఎందుకు రాస్తున్నానంటే, మా మనుమరాలు లలితకు పోయిన నెల కాన్పయింది. బిడ్డ బాగుంది. లలిత బాగా లేదు. గోడవైపు తిరిగి పడుకుంటుందట, బిడ్డ ఏడిస్తే చెవులు మూసుకుంటుందట. మా బిడ్డ అంజమ్మ, అంటే లలిత తల్లి, వచ్చి నా ముందు కూర్చుంది. "నాయనా, నేను పుట్టినప్పుడు అమ్మకు ఏదో అయ్యిందంట గదా. ఏమయ్యింది?" అని అడిగింది. ఇన్నేళ్ళలో మేం దానికి ఆ మాట చెప్పలేదు. అది మా సిగ్గు అనుకున్నాం. సిగ్గు కాదని ఇప్పుడు రాస్తున్నాను.

ఆషాఢం

పెద్ద యుద్ధం మొదలైన మరుసటి ఏడాది అది. యుద్ధం ఎక్కడో జరుగుతోంది, మా సైదాబాద్‌లో మాత్రం వాన, బురద, బర్రెలు. బోనాల డప్పులు మోగుతున్న ఒక పొద్దున సత్తెమ్మకు నొప్పులొచ్చాయి. మొదటి కాన్పుకు పుట్టింటికి పంపాలి. కాని ఆమె తల్లి చనిపోయి చాలా కాలమైంది. అందుకని మా ఇంట్లోనే పురుడు.

ఆడపిల్ల పుట్టింది. ఆడపిల్లని ఎవరూ మూతి ముడవలేదు. పాలు పిండుకుని బతికే ఇళ్ళలో ఆడదూడ పుడితే పండుగ, మగది పుడితేనే మొహాలు వాడిపోతాయి. ఆ అలవాటే మనుషులకూ వచ్చింది మాకు. గల్లీ మొత్తానికి జున్ను పంచాను. (మొత్తానికి కాదు. ఎడమవైపు ఇళ్ళకు మాత్రమే. కుడివైపు వాళ్ళతో అప్పుడు లొల్లి నడుస్తోంది.)

మంత్రసాని బిడ్డను కడిగి, గుడ్డలో చుట్టి సత్తెమ్మ పక్కన పెట్టింది. సత్తెమ్మ చూడలేదు. అలసిపోయిందనుకున్నాం. మర్నాడూ చూడలేదు. పాలివ్వమని ఒళ్ళో వేస్తే రెండు చేతులూ నేల మీద ఆనించి, ఎవరిదో సామాను పట్టుకుని కూర్చున్నట్టు కూర్చునేది. ఇది నేను పెళ్ళి చేసుకున్న పిల్ల కాదు. ఆ పిల్ల నోటికి భయపడి మా బర్రెలు కూడా లైనులో నిలబడేవి. ఇప్పుడు అడిగినదానికి జవాబు లేదు, కంటికి నిద్ర లేదు. కన్నీళ్ళు మాత్రం ఏ చప్పుడూ లేకుండా చెవుల్లోకి కారుతుండేవి.

"ఏమయ్యిందే?" అని అడిగాను.

"ఏం కాలే."

"మరి ఎందుకు ఏడుస్తున్నవ్?"

"ఏడుస్తున్ననా?" అని చెంప తడుముకుని చూసుకుంది. నిజంగానే ఆమెకు తెలియదు. అప్పుడు నాకు మొదటిసారి భయమేసింది.

దూడ మాట

మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, ముందు వేపాకు కట్టింది. మైసమ్మకు దీపం పెట్టింది. ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. ఏదీ పని చేయకపోయేసరికి ఒక రోజు నన్ను కొట్టంలోకి పిలిచింది.

"ఓరి ఎల్లయ్యా, బర్రె దూడను దగ్గరికి రానియ్యకుంటె మీ నాయన ఏం చేస్తుండె?"

ఏం చేసేవాడో నాకూ తెలుసు. కొన్ని బర్రెలు ఈనిన తర్వాత దూడను కుమ్ముతాయి. అప్పుడు దూడను తల్లి కంటికి కనబడకుండా దూరంగా కట్టేస్తాం. పొదుగు బిగుస్తుంది. సలుపుతుంది. ఆఖరికి బర్రే దూడ కోసం అరుస్తుంది. అప్పుడు తలుగు విప్పి వదిలితే తల్లి దాన్ని నాకుతుంది, పాలు చేపుతుంది. మా తాతల నుంచి వస్తున్న పద్ధతి అది.

"గామె బర్రెనా అవ్వా?" అన్నాను.

"బర్రె గాదు, తల్లి. ఏ తల్లైనా తల్లే. రొమ్ము సలిపితె ఆమెనే బిడ్డేదని ఒర్రుతది సూడు."

పాలవాళ్ళం మేం. మాకు తెలిసిన తల్లులు ఎక్కువగా నాలుగు కాళ్ళవి. ఆ మాట నాకు సబబుగానే తోచింది. బిడ్డను వెనుక గల్లీలో మా పెద్దమ్మ ఇంటికి చేర్చాం. అవ్వ పూటపూటకూ వెళ్ళి ఉగ్గుగిన్నెతో బర్రె పాలు పట్టి వచ్చేది. సత్తెమ్మ అడుగుతుందని చెవులు రిక్కించుకుని కూర్చున్నాం.

సత్తెమ్మ అడగలేదు. రొమ్ములు రాయిలా గట్టిపడ్డాయి, ఒళ్ళు కాలిపోయింది. అయినా అడగలేదు. ఉయ్యాల కట్టిన దూలం వైపు ఒకసారి చూసి, "అయితే తీస్కపోయిండ్రా," అంది. "మంచిగైంది."

ఆ మాటకు అర్థం అప్పుడు నాకు తెలియలేదు.

బార్కస్ వాకిలి

ఇంట్లో ఇలా ఉంటే, నేను బయట ఏం చేశానో చెప్పనా? గొప్పలు కొట్టుకున్నాను. పాలు పోసే ప్రతి వాకిట్లోనూ, "మస్తుగుంది నా బిడ్డ! తల్లి క్షణం దించుతలేదు. పాటలే పాటలు! బిడ్డ నవ్వులే నవ్వులు!" అన్నాను. ఇంట్లో ఏదో సోకిందని తెలిస్తే పాలు మానేస్తారన్న భయం ఒకటి. అలా చెప్తున్నంతసేపు అది నిజంలా ఉంటుందన్న ఆశ ఇంకొకటి.

బార్కస్‌లో హలీమా ఖాలా అని ఒకావిడ ఉండేది. వాళ్ళ తాతలు అరబ్బు దేశం నుంచి నైజాం ఫౌజులోకి వచ్చారు. ఆవిడ తలుపు వెనుక నిలబడి గిన్నె మాత్రం బయటికి చాపేది. ఎన్నో ఏళ్ళుగా పాలు పోస్తున్నా నేను చూసింది ఆ చేతిని, వెండి కడియాన్ని మాత్రమే. నా మాటలన్నీ విని, ఆ రోజు గిన్నె వెనక్కి లాక్కుంది.

"క్యా బోలా? బచ్చీ నవ్విందా?"

"అవును ఖాలా. తల్లిని చూసి కిలకిలా నవ్వింది."

"నిన్న గాక మొన్న పుట్టిన బచ్చీ కిలకిల నవ్వుడేంది మియా? సచ్ బోలో. నువ్వు గింత మురుస్తున్నవంటె ఇంట్ల ఏదో ఫికర్ ఉంది."

నేను కావడి దించి, ఆ గడప ముందే కూలబడ్డాను. అంతా చెప్పాను. దూడ సంగతీ చెప్పాను. దానికైతే మెచ్చుకుంటుందనుకున్నాను.

తలుపు కొంచెం తెరుచుకుంది. "అరె అల్లా! బిడ్డను దాచిండ్రా? కైకు? ఔరత్‌కు పొదుగు ఒక్కటేనా ఉంటది, దిల్ ఉండదా? బిడ్డకు నేను పనికిరాననే గదా ఆమె ఏడ్చేది! మీరు బిడ్డను తీస్కపోయి ఆ మాటే ఖరారు చేసిండ్రు! జా! పాలు నక్కో, గీలు నక్కో, ఇంటికి జా!"

బార్కస్ నుంచి సైదాబాద్ దాకా ఊపిరి తీసుకోకుండా ఒకే ఉరుకు ఉరికాను. (సత్తెమ్మ దగ్గింది. సగం దూరం ఒక కూరగాయల బండి మీద వెళ్ళాను. కాని బండి కంటే నా గుండె ముందు ఉరికింది. అది కొట్టేయను.)

బావి

ఇక్కడ ఆగి, "ఇది రాయాల్నా?" అని అడిగాను. "రాయి," అంది సత్తెమ్మ.

అవ్వ బిడ్డకు పాలు పట్టడానికి వెళ్ళింది. సత్తెమ్మ మంచం ఖాళీగా ఉంది. కొట్టం వెనుక, బర్రెలకు నీళ్ళు తోడే బావి గట్టు మీద కూర్చుని ఉంది. కాళ్ళు లోపలి వైపు ఉన్నాయి.

నేను ఒక్క దూకు దూకి, రెక్క పట్టుకుని ఇవతలికి లాగేశానని మా అన్నకు చెప్పాను, పెద్దమ్మకు చెప్పాను, ఆ తర్వాత మా అన్న కొడుకులకూ చెప్పాను. అందరూ నమ్మారు. జరిగింది అది కాదు.

నేను దూకలేదు. పేరు పెట్టి పిలవనూ లేదు. పిలిస్తే ఉలిక్కిపడుతుందేమోనన్న భయం. ఆమే నన్ను చూసింది. ఎండ ఎలా ఉందో చెప్తున్నంత మామూలుగా, "బిడ్డ ఇగ మంచిగుంటది. నేను లేకుంటెనే మంచిగుంటది," అంది.

"లేదే," అంటూ అడుగు వేశాను. పొద్దున ఎవరూ ఎత్తని పేడ. కాలు జారింది. కొట్టంలో పుట్టి పెరిగినవాణ్ని, బర్రెల మధ్య కళ్ళు మూసుకుని నడిచేవాణ్ని, మొహం ముందుగా పేడలో పడ్డాను. మోకాలు రాతికి కొట్టుకుంది. లేవలేకపోయాను. నిజం చెప్పాలంటే, లేవాలనిపించలేదు. అక్కడే పడి, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాను.

ఎంతసేపయిందో తెలియదు. జబ్బ కింద ఒక చేయి పడింది. జ్వరంతో కాలిపోతున్న చేయి.

"లెవ్వు," అంది సత్తెమ్మ. "కండ్లల్ల పడుతది పేడ."

ఆమెను నేను కాపాడలేదు. నన్ను లేపడానికి ఆమె గట్టు దిగింది. అంతే జరిగింది.

దవఖానా వరండా

మర్నాడు హలీమా ఖాలా జట్కా కట్టించుకుని మా గల్లీకి వచ్చింది. ఎన్నడూ గడప దాటి చూడని మనిషి బుర్ఖా వేసుకుని మా కొట్టం ముందు దిగింది. "దవఖానాకు పోదాం పదండి," అంది.

మా అవ్వ వాకిట్లో అడ్డం నిలబడింది. "పిచ్చిదని రాసుకుంటరు. మా ఇంటి పరువేం గావాలె? నేను రాను, పోనియ్య."

"పిచ్చి గాదు అమ్మా, బీమారీ. ఇంట్ల కూసోని మాటలు పడేకన్న పోయొచ్చుడే నయం," అంది ఖాలా. ఎప్పుడూ ఎవరి మాటా వినని మా అవ్వ పక్కకు జరిగింది. ఒప్పుకుని కాదు. బుర్ఖాలో ఉన్న మనిషితో ఎలా కొట్లాడాలో ఆమెకు తెలియక.

ఆ ఆడవాళ్ళ దవఖానాలో మగవాళ్ళు పరదా ఇవతలే ఉండాలి. సత్తెమ్మను ఖాలా లోపలికి నడిపించుకు వెళ్ళింది. నేను వరండాలో రాతి బల్ల మీద కూర్చున్నాను. పక్కన బహదూర్‌పురా నుంచి వచ్చిన ఒక ముసలి దర్జీ ఉన్నాడు. నా మొహం చూసి, ఏమైందని అడగకుండా, తన రొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టాడు. ఆ రొట్టె నేను తినలేదు, పారేయలేదు. పట్టుకునే కూర్చున్నాను.

పొద్దు నడినెత్తికి వచ్చాక వరండా మెట్ల దగ్గర మా అవ్వ కనిపించింది. సైదాబాద్ నుంచి నడిచి వచ్చింది. నా పక్కన కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుని, పరదా వైపు చూసింది.

"నాకూ గిట్లనే అయ్యింది," అంది.

"ఎప్పుడు?"

"నువ్వు పుట్టినప్పుడు."

నేను ఆమె వైపు తిరిగాను. ఆమె తిరగలేదు.

"నిన్ను ముట్టలేదురా నేను. జూస్తెనే గుబులయ్యేది. మీ నాయనమ్మ నిన్ను ఇంకో ఇంట్ల దాచింది. రొమ్ములు పుండ్లయినయి. ఆఖరికి ఒర్రిన. నీ మీద ప్రేమతోని గాదు, నొప్పికి ఒర్రిన. బిడ్డ మీద ప్రేమ, పావురం వచ్చిందని అందరు సంబురపడ్డరు."

"మరి... పావురం ఎప్పుడొచ్చింది అవ్వా?"

"ఎప్పుడొచ్చెనో ఏమెర్క? నువ్వు నడక నేర్చినంక ఒకనాడు బర్రె కాళ్ళ నడుమల దూరినవ్. అప్పుడు గుండె జల్లుమన్నది. గప్పుడే వచ్చిందేమో." కొంగు వేలికి చుట్టుకుంది. "అది ఎంత నొప్పో నాకు ఎర్కనే. అయినా కోడలికి గదే చేసిన. నాకెర్క ఉన్న మందు గదొక్కటే, కొడుకా."

చేతిలో ఉన్న రొట్టె సగం ఆమెకు ఇచ్చాను. ఇద్దరం తిన్నాం.

డాక్టరమ్మ పరదా అంచు దాకా వచ్చి మాతో మాట్లాడింది. పెద్ద పెద్ద పేర్లేమీ చెప్పలేదు. "కాన్పు తర్వాత కొందరికి మనసుకు జ్వరం వస్తుంది. తగ్గుతుంది, కాని తొందరపెడితే తగ్గదు. ఒంటరిగా వదలొద్దు. నిద్రపోనివ్వండి. బిడ్డను కళ్ళముందే ఉంచండి. ఎత్తుకో, ఎత్తుకో అని మాత్రం పోరొద్దు," అంది. రొమ్ముల జ్వరానికీ, నిద్రకూ మందులిచ్చింది. తర్వాత నా వైపు చూసి, "బిడ్డకు బర్రె పాలు చిక్కనయితే పడవు. బాగా నీళ్ళు కలిపి కాచి పట్టు," అంది. నేను పాలవాణ్నని ఎవరు చెప్పారోనని ఒళ్ళు జలదరించింది.

బియ్యంలో రాళ్ళు

బిడ్డ ఇంటికి వచ్చింది. ఉయ్యాల మళ్ళీ దూలానికి ఎక్కింది, సత్తెమ్మ మంచానికి ఎదురుగా. ఉయ్యాల అవ్వ ఊపేది. గుడ్డలు నేను ఉతికేవాణ్ని. గల్లీలో మగవాళ్ళు నవ్వారు. వాళ్ళందరినీ నేను చితక్కొట్టాను. (కొట్టలేదు. గోడ వెనుక ఆరేసుకున్నాను.)

మధ్యాహ్నాలు ఖాలా వచ్చేది. చాటలో బియ్యం పోసుకుని సత్తెమ్మ పక్కన కూర్చుని రాళ్ళు ఏరేది. మేం తాగే నీళ్ళు ఆవిడ తాగేది, కాని వండింది ముట్టేది కాదు, వండినదాని మీద పట్టింపున్న మా అవ్వకు ఇబ్బంది కలగకూడదని. బిడ్డ ఊసు ఎత్తేది కాదు. ధరల మాట, వానల మాట, తన మొగుడి గురక మాట. కొన్నాళ్ళకు సత్తెమ్మ చేయి కూడా చాటలోకి వచ్చింది. ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. మా అవ్వ గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి వెళ్ళి మొహం కడుక్కుంది.

బతుకమ్మ పండుగ వచ్చింది, పోయింది. కొన్ని రోజులు బాగుండేది. కొన్ని రోజులు మళ్ళీ గోడవైపు తిరిగేది. అలా తిరిగిన రోజు మొదటికొచ్చిందని నేను కుంగిపోయేవాణ్ని. బార్కస్‌లో ఖాలా గిన్నె చాపుతూ, "హల్లు హల్లు," అనేది. మెల్లగా, మెల్లగా అని. నాకూ ఆ మాట మందులా పనిచేసింది. అప్పట్లో నేనూ తినలేకపోయేవాణ్ని, బర్రె పాలు పితుకుతూ దాని డొక్కకు తల ఆనించి ఏడ్చేవాణ్ని. నన్నెవరూ దవఖానాకు తీసుకుపోలేదు. తండ్రికి కూడా ఆ జ్వరం వస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు?

చలి మొదలైన ఒక పొద్దున అవ్వ బయటికి వెళ్ళింది. బిడ్డ ఏడుస్తోంది. నేను బిడ్డను మోకాళ్ళ మీద వేసుకుని ఉగ్గుగిన్నెతో పాలు పడుతున్నాను. సగం నోట్లోకి, సగం మెడ మీదికి. సత్తెమ్మ మంచం మీద నుంచి చూస్తోంది.

"గవేం పాలు?" అంది.

"మన బర్రెవే."

లేచి వచ్చింది. గిన్నెలో వేలు ముంచి, పైకెత్తి, జారే చుక్కను చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆషాఢానికి ముందు చూసినట్టు చూసింది.

"సిగ్గు లేదా? కన్నబిడ్డకు గూడ నీళ్ళు కలుపుతవా?"

"డాక్టరమ్మ చెప్పిందే! ఒట్టు!"

"నీ ఒట్టు నాకెర్క లేదా! పట్టణమంతా కలిపి కలిపి సాలక ఇంటికే తెచ్చినవ్! ఇటియ్యి!"

గిన్నె లాక్కుంది. గిన్నెతో పాటు బిడ్డను కూడా. నా జన్మలో నీళ్ళు కలపడానికి గట్టి కారణం ఉన్నది ఆ ఒక్కసారే, అన్నిటికంటే గట్టిగా తిట్లు తిన్నదీ అప్పుడే. ఇంకా తిట్టు, ఇంకా తిట్టు అని మనసులో అనుకుంటూ నిలబడ్డాను. ఆమె కూర్చుని, బిడ్డ తల మోచేతి మీదికి సర్దుకుని, మెడ మీది పాలు కొంగుతో తుడిచింది.

ఆమె నవ్విందనీ, బిడ్డకు ముద్దు పెట్టిందనీ రాద్దామనుకున్నాను. "పెట్టలే," అంది సత్తెమ్మ లోపలి నుంచి. "గప్పుడు ఇంక పావురం రాలే. నీ మీద కోపం మటుకే వచ్చింది. పావురం తర్వాత వచ్చింది."

యుద్ధం ముగిసే నాటికి రెండో కాన్పు. మళ్ళీ ఆ మబ్బు కొంచెం కమ్మింది. ఈసారి సత్తెమ్మే ముందు చెప్పింది, "నాకు మళ్ళ అట్లయితున్నది," అని. మా అవ్వ బియ్యం చాట తెచ్చుకుని ఆమె పక్కన కూర్చుంది. ఆ మబ్బు తొందరగానే వీడింది.

ఇంతవరకు చదివి కళ్ళజోడు తీశాను. లోపలి నుంచి డబ్బా మూత తీసిన చప్పుడు, చాటలో బియ్యం రాలిన చప్పుడు.

సత్తెమ్మ చాటకు గుడ్డ కప్పి, పట్టుకుని బయటికి వచ్చింది. "రాసింది సాలు. ఆటో పిలువు. లలిత దగ్గరికి పోత."

"ఆ బియ్యమెందుకే? దుకాణం బియ్యంల ఇప్పుడు రాళ్ళెక్కడున్నయి?"

ఆమె చాట దించి గుడ్డ తీసింది. వాకిట్లోకి వెళ్ళి, వంగి, నేల మీద నుంచి గుప్పెడు సన్నరాళ్ళు ఏరి, కొంగుతో తుడిచి, చాటలో వేసి కలిపింది. బతుకంతా నన్ను కల్తీ మనిషని తిట్టిన మనిషి.

"ఇది రాయకు," అంది.

"రాయను," అన్నాను.